దుర్గాభవాని గొంతు

శ్యామ్ బాబుకి అబద్ధం ఆడటం రాదు. మామిడికుదురు సెంటర్లో పుస్తకాలూ పెన్నులూ జిరాక్సు మిషనూ పెట్టుకుని ఇన్నేళ్ళుగా బతుకుతున్నాడు గానీ ముఖం దాచుకుని వ్యాపారం చెయ్యాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. అలాంటి మనిషి రత్నమాల మెట్లెక్కుతుంటే చూసి, ఏదో కిందపడ్డట్టు గబుక్కున బల్ల కిందకి వంగాడు.

"పుస్తకం వచ్చిందేటండీ?" అంది రత్నమాల, అతను పైకి లేచేదాకా ఆగి.

"ఏ పుస్తకమండీ?"

"ఏ పుస్తకమంటారేటండీ! హేమలేఖ గారి పుస్తకం. ఆవిడ జీవితం ఆవిడే రాసుకున్నది."

"ఓ, అదాండీ. రాలేదండి. కొరియర్లో ఉందండి."

"మొన్నా అదే అన్నారు. కొరియరబ్బాయి విజయవాడ నించి నడిచొస్తన్నాడేటండీ?"

జిరాక్సు కోసం నిలబడ్డ ఆధార్ కార్డు ఆసామి పకపకా నవ్వాడు. శ్యామ్ బాబు నవ్వలేదు. అతని చెయ్యి మాత్రం వెనక్కి పోయి, గ్రాఫు పుస్తకాల దొంతరని కాస్త పక్కకి జరిపింది. రత్నమాల కళ్ళు ఆ చేతి వెంటే వెళ్ళాయి. దొంతర అడుగున పసుప్పచ్చ అట్ట, ఆ అట్ట మీద అంగుళం మేర ఒక బుగ్గ, ఒక చెవి. మిగతాది కనపడక్కర్లేదు. ఆ చెవి ఎవరిదో రత్నమాలకి తెలుసు. ముప్పై ఏళ్ళు దాటింది ఆ ముఖాన్ని గోడ మీద చూసుకుంటూ జాకెట్లు కుట్టబట్టి.

"అదేటండీ మరి?"

శ్యామ్ బాబు నెత్తి గోక్కున్నాడు. "అది నేను చదువుకుంటన్నానండి."

"నాకోసం తెప్పించిందే కదండీ?"

"ఆయ్. మీకోసమేనండి." ఆధార్ కార్డు ఆసామిని పంపించేసి, గొంతు తగ్గించాడు. "రత్నమాల గారండీ, నా మాటినండి. సినిమావోళ్ళ సినిమాలు చూడాలండి, ఆళ్ళ పుస్తకాలు చదవకూడదండి."

"ఏం, బూతులున్నాయా?"

"అబ్బెబ్బే! బూతులుంటే మొన్ననే ఇచ్చేసేవోణ్ణండి."

రత్నమాలకి నవ్వు రాలేదు. "మా అక్క గురించి రాసేరా, లేదా? అదొక్కటీ చెప్పండి."

శ్యామ్ బాబు పుస్తకం పైకి తీసి, చేతి రుమాలుతో అట్ట తుడిచి, బల్ల మీద పెట్టాడు. "ఉందండి," అన్నాడు. "పేరు లేదండి."

పేరు లేకపోతే ఏం, మనిషి ఉంది కదా అనుకుంది రత్నమాల. పుస్తకాన్ని చెంగులో చుట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని ఇంటికి నడిచింది.

*

ఇది ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. రత్నమాలకి పన్నెండేళ్ళప్పుడు వైనతేయ గోదావరి గట్టు మీద సినిమా తీశారు. పేరు 'రేవుకాడ రాణి'. హీరోయిన్ హేమలేఖ బెంగళూరు మనిషి. ఆమెని రాజుగారి మేడ మీద దించారు. రత్నమాల తండ్రి ఆదినారాయణ కొబ్బరి దింపు తీసేవాడు. షూటింగు వాళ్ళకి రోజూ బొండాలు కొట్టే పని ఆయనకి దొరికింది. ఆయన చెట్టెక్కితే, ఆయన పెద్దకూతురు దుర్గాభవాని ఆ బొండాలు మోసుకెళ్ళి మేడ దగ్గర దించేది. వెనకాలే తోకలాగ రత్నమాల.

దుర్గాభవానికి అప్పుడు పద్దెనిమిది. మాట్లాడితే ఎదుటివాళ్ళు పని ఆపేసి వినేవారు. అందులో వింతేమీ లేదు, ఆ ఊళ్ళో అందరూ మాట్లాడే మాటే. కానీ ఆమె "ఆయ్" అంటే ఆ ఒక్క అక్షరంలో ఒప్పుకోవడం ఉండేది, వెక్కిరింత ఉండేది, చివర్లో అణుచుకున్న నవ్వు ఉండేది. డైరెక్టరు ఆమె చేతిలో బొండాం తాగుతూ తాగుతూ ఆగి, "ఇదిగో, నాకు కావల్సింది ఇదే. హేమా, ఈ అమ్మాయి ఎలా మాట్లాడుతుందో నువ్వలా మాట్లాడాలి," అన్నాడట. ఆ సాయంత్రం నుంచీ దుర్గాభవాని మేడ మీదకి వెళ్ళి హీరోయిన్‌కి మాట నేర్పేది. రత్నమాల మెట్ల మీద కూర్చుని చింతకాయలు కొరుక్కునేది.

ఇంటికొచ్చాక దుర్గాభవాని గొప్పలు ఇన్నీ అన్నీ కావు. "అచ్చం నాలాగే అనేస్తందే అమ్మా. ఇంకో నాల్రోజులుంటే మన రేవులో బట్టలుతికేత్తాది."

షూటింగు అయిపోయింది. లారీలు వెళ్ళిపోయాయి. ఆ వేసవిలో దుర్గాభవానికి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, పథ్యం పెట్టారు, ఆఖర్న అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళిన మనిషిని ప్రాణాలతో తిరిగి తేలేదు. ఫోటో అయినా దిగని పిల్ల. ఇంట్లో టేపురికార్డరు ఎక్కడిది? కట్టుకున్న పరికిణీలు కూడా ఆమెతోనే పంపించేశారు.

రెండు నెలలకి సినిమా వచ్చింది. ఊరంతా కట్టకట్టుకుని రాజోలు హాలుకి వెళ్ళింది. తెర మీద హేమలేఖ రేవు దగ్గర బొండాలమ్ముతోంది. హీరో పడవ దిగి, నీళ్ళు తియ్యగా ఉంటాయా అని అడిగాడు.

"ఆయ్. మావూరి బొండాం అండి. తాగేక మీరే ఊరెళ్ళనంటారు."

రత్నమాల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. అక్క! అక్క మాట్లాడుతోంది. ముఖం హేమలేఖది, గొంతు అక్కది. ఆ ఎత్తుగడ, ఆ విరుపు, ఆ చివరి నవ్వు. మనిషి మట్టిలో కలిసినా మాట ఇంకొకరి నోట్లో బతికే ఉంది. ఊళ్ళో వాళ్ళు కూడా "అచ్చం మన దుర్గేనర్రా" అన్నారు. ఆ సినిమాకి హేమలేఖకి అవార్డు వస్తే, ఊళ్ళోవాళ్ళు ఆదినారాయణ ఇంటికొచ్చి పలకరించి వెళ్ళారు.

అక్కడి నుంచీ రత్నమాలకి హేమలేఖ సినిమా హీరోయిన్ కాదు. అక్కని దాచిపెట్టిన మనిషి. ఆమె సినిమాలన్నీ చూసింది. ఆమె పెళ్ళికి పరవాన్నం వండింది, ఆమె విడాకులకి ఏడ్చింది. మొగుడు గణపతి కువైట్ నుంచి వచ్చేటప్పుడు ఏం తెమ్మంటావంటే, బంగారం అడగకుండా 'రేవుకాడ రాణి' సీడీ చూడ్డానికి ప్లేయరు తెమ్మంది. ఇప్పుడు ఆ బాధ లేదు, సెల్లులోనే ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లి రామలక్ష్మి పక్కన కూర్చుని, రేవు సీను పెట్టి వినిపించడం ఆ ఇంట్లో దేవుడికి దీపం పెట్టడం లాంటిది. తల్లికి చూపు పోయి చాలా కాలమైంది. చెవులు మాత్రం పదును.

*

కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టుని పక్కకి తోసి రత్నమాల పుస్తకం తెరిచింది. మొదటి పేజీలోనే ఉంది: "ఈ వయసులో అబద్ధం రాయదల్చుకోలేదు. అబద్ధాల్లోనే నలభై ఏళ్ళు పనిచేశాను." ఎంత బాగా అన్నావమ్మా అనుకుంది. పేజీలు తిప్పుకుంటూ గోదావరి అన్న మాట కోసం వెతికింది. దొరికింది.

"ఆ సినిమాలో గోదావరి యాస ఎలా పట్టారని ఇప్పటికీ అడుగుతుంటారు. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నేను ఒక్క ముక్క కూడా నేర్చుకోలేదు. డైరెక్టరు గారి పట్టుదల మీద రోజూ సాయంత్రం ఒక పల్లెటూరి అమ్మాయి వచ్చి ఏదేదో చెప్పేది. నాకు అర్థమయ్యేది కాదు. గోళ్ళకి రంగు వేసుకుంటూ తలాడించేదాన్ని. పాపం, ఆ అమ్మాయి చాలా సంతోషంగా వెళ్ళేది. కెమెరా ముందు నేను వన్, టూ, త్రీ, ఫోర్ అని అంకెలు చెప్పేదాన్ని. కోపమైతే గట్టిగా, ప్రేమైతే మెల్లగా. అప్పట్లో మాలాంటివాళ్ళం చాలామందిమి అంతే. గొంతు మద్రాసులో ఒక డబ్బింగ్ ఆర్టిస్టుది. ఆమెది రాజమండ్రి వైపు అని విన్నాను, ఎప్పుడూ కలవలేదు. అవార్డు నాకొచ్చింది. ఆమె పేరు కూడా నాకు గుర్తులేదు."

ఆ పేరా కింద ఇంకో పేరా ఉంది. అది ఊటీ గురించి.

రత్నమాల మళ్ళీ చదివింది. వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలాగ అక్షరం అక్షరం చదివింది. తిట్టి ఉంటే బాగుండును. దోమలనీ, చెమటనీ, మోటు జనమనీ ఏవైనా రాసి ఉంటే, ఓసి నీ పొగరు చావా అని పుస్తకం మూసేసేది. అలా రాయలేదు. పాపం అని రాసింది. నిజం రాసింది. శ్యామ్ బాబు బల్ల కింద ఎందుకు దూరాడో అర్థమైంది.

అబద్ధమే రాసిందేమో, పుస్తకాలు అమ్ముడుపోవాలని? సెల్లు తీసి రేవు సీను పెట్టింది. ఈసారి సౌండు మొత్తం తగ్గించేసింది. ఎన్నేళ్ళుగా చూస్తున్నా, చెవులతోనే చూసింది గానీ కళ్ళతో చూడలేదు. హేమలేఖ బొండాం చేతిలోకి తీసుకుంది. నోరు తెరిచింది.

బొండాం అనాలంటే పెదవులు కలవాలి. కలవకుండా ఆ మాట ఎవరికీ రాదు. రత్నమాల తనలో తను "బొండాం" అనుకుని చూసుకుంది. రెండు పెదవులూ వచ్చి అతుక్కుని విడిపోయాయి. తెర మీద హేమలేఖ పెదవులు కలవలేదు. పళ్ళు కింది పెదవిని తాకాయి, ఆనక పెదవులు సున్నా చుట్టాయి. ఫోర్. మళ్ళీ పళ్ళు తాకాయి. ఫైవ్.

వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. ఇంకా వెనక్కి జరిపింది. 'మావూరి' దగ్గర పెదవులు కలవలేదు. ఏడుపు సీను పెట్టింది. 'అమ్మా' అని కుప్పకూలే సీను అది, ఊరంతా కళ్ళు తుడుచుకున్న సీను. అమ్మా అనడానికి కూడా పెదవులు కలవలేదు. కన్నీళ్ళు కారుతుండగా ఆ మనిషి సెవెన్, ఎయిట్, నైన్ అంటోంది.

అప్పుడే గణపతి కొబ్బరికాయల వ్యాను రోడ్డు పక్కన ఆపి అన్నానికి వచ్చాడు. పెళ్ళాం ముఖం చూసి, పుస్తకం చూసి, చదవమన్న చోట నిలబడే చదివాడు.

"పోనీలేవే," అన్నాడు. "గొంతెవరిదైతేనేం. యాస మనదే గదా."

"ఆవిడెవరో రాజమండ్రావిడంట. అక్కని చూడను కూడా లేదు."

"మరి ఊరంతా దుర్గే దుర్గే అన్నారు?"

"ఊరంతా అలాగే మాట్లాడుద్ది గదండీ. మన పక్కోళ్ళెవరు మాట్లాడినా అక్కలాగే ఉంటాది."

గణపతి మాగాయ ఎక్కడుందని అడగబోయి, మానేసి, తనే వెతుక్కుని వడ్డించుకున్నాడు. తిని వెళ్ళిపోతూ, "ఆ పుస్తకం శ్యామ్ బాబుకి ఇచ్చెయ్యవే," అన్నాడు. ఇచ్చేస్తే అందులోది తిరిగి వెళ్ళిపోతుందన్నట్టు.

రత్నమాల మిషను ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది. సరే, సినిమా పోతే పోయింది. అక్కని నేను ఎరగనా? పన్నెండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం. సినిమాతో పని లేకుండా అక్కని తలుచుకుంటాను అనుకుంది.

తలుచుకుంది. కాలవలో బిందె ముంచుతూ అక్క ఏదో అంటోంది. వినిపించింది గానీ, ఆ గొంతు సినిమాది. ఉలిక్కిపడి అది వదిలేసి ఇంకోటి పట్టుకుంది. తల దువ్వుతూ "కదలకే కోతీ" అని నెత్తి మీద మొట్టికాయ వేసింది అక్క. ఆ గొంతూ సినిమాదే. పోనీ ఆఖరి రోజులు. ఆసుపత్రిలో పచ్చబడిపోయిన కళ్ళతో, "రత్తీ, మంచినీళ్ళియ్యవే" అంది. దాన్ని మాత్రం ఎవరూ తీసుకోలేరనుకుంది. విన్నది. ఎవరో రాజమండ్రి ఆవిడ, మద్రాసులో చల్లగది లోపల మైకు ముందు నిలబడి, మంచినీళ్ళు అడిగింది.

అక్క బతుకంతా ఎవరో డబ్బింగు చెప్పేశారు. చెప్పించింది ఎవరు? రోజూ మధ్యాహ్నం ఆ గొంతు పెట్టి పెట్టి, అసలుదాని మీద పొరలు పొరలుగా అలికేసింది తనే. విననంతకాలం లోపలెక్కడో చిన్నదిగా ఉండే ఉంటుంది. దాన్ని తన చేత్తోనే చెరిపేసుకుంది.

*

పెరట్లో చూరు నీడన రామలక్ష్మి కాళ్ళు చాపుకుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. చూపు లేకపోయినా వేళ్ళకి దారి తెలుసు. కత్తి ఈనె పొడుగునా జర్రున జారుతోంది.

"ఏవే, ఇయ్యాల సినిమా పెట్టవేటే? పొద్దు తిరిగిపోయింది."

"చార్జింగు లేదమ్మా."

"రాత్రంతా పెట్టేవు గదే చార్జింగు."

రత్నమాల వచ్చి తల్లి పక్కన చతికిలబడింది. దాచాలనుకుంది. దాచడానికి ఓపిక లేకపోయింది. "అమ్మా, అది అక్క గొంతు కాదంట. ఆవిడే రాసింది పుస్తకంలో. ఎవరో వేరే ఆవిడ చెప్పిందంట."

ఈనె తీసే చెయ్యి ఆగలేదు. "కాదులే," అంది రామలక్ష్మి.

"కాదు అంటే?"

"దుర్గ గొంతు కాదులే అది. నాకు తెల్సు."

"ఎప్పట్నించి తెల్సు?"

"రాజోలు హాల్లో చూసేం గదే. అప్పట్నించే."

"మరి చెప్పలేదేం?" అంది రత్నమాల.

"ఏం చెప్పనే? అది పోయిన కాణ్ణించీ నువ్వు కూడు ముట్టలేదు. పుల్లైపోయేవు. ఆ రోజు హాల్లో అక్కే అక్కే అని నా చెయ్యి రక్కేసేవు. ఇంటర్వెల్లో జంతికలు కొనమన్నావు. తిన్నావు కూడాను." ఈనెని కట్టలో పెట్టి ఇంకో ఆకు అందుకుంది. "మీ నాన్న కూడా అక్కే అన్నాడు. ఇంక నేను కాదనీసి ఏం బావుకుంటాను?"

"మరి రోజూ నా పక్కన కూకుని వింటన్నావు?"

"నువ్వు నవ్వుతావు గదా అప్పుడు. అది ఇంటన్నాను."

రత్నమాల తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది. లోపలెక్కడో, అంత దుఃఖంలోనూ, చిన్న ఆశ లేచింది. ఒక్క మనిషి ఉంది. మోసపోని చెవులున్న మనిషి ఒకత్తి ఉంది.

"అయితే అక్కది ఎలాగుండేదమ్మా? చెప్పు. నీకు తెల్సు గదా. సన్నంగానా?"

"సన్నం కాదు."

"బొంగురా?"

"బొంగురు కాదులే." రామలక్ష్మి కత్తి కింద పెట్టింది. ముఖం పైకెత్తి, కొబ్బరి మట్టల వైపు, గాలి వస్తున్న వైపు చెవి తిప్పింది.

"చెప్పమ్మా."

"అది కాదని తెల్సే రత్నం," అంది చివరికి. "దానిది ఎలాగుండేదో మాత్రం తెలీదు."

"నిజంగానా?"

"ఎప్పుడు పోయిందో పోయింది. ఓ రోజు వంకాయలు కోత్తా తల్చుకున్నాను, రాలేదు. ఆనక ఎప్పుడూ రాలేదు. కానీ వేరే గొంతు ఇంటే, ఇది కాదు అని మాత్రం తెలుత్తాది."

రత్నమాల గబుక్కున లేచింది. "అయితే నేను అంటాను. నువ్వు విను. ఏదో ఒకటి కుదురుద్ది. దగ్గరకొస్తే నీకు తెలుస్తాది గదా?"

"ఎందుకే?"

"విను నువ్వు." అక్క బయటి నుంచి వస్తే దడి దగ్గరే కేకేసేది. నేనొచ్చేసేనే అమ్మా అని. రత్నమాల చెంగు దోపుకుని దడి దాకా నడిచి, అటు తిరిగి నిలబడింది. "నేనొచ్చేసేనే అమ్మా!"

"కాదు," అంది రామలక్ష్మి.

కాస్త గొంతు పెంచింది. "నేనొచ్చేసేనే అమ్మా."

"కాదు. అది సినిమాది."

అవును, సినిమాదే. ఎంత తప్పించుకుందామన్నా అదే వస్తోంది. గొంతు కిందకి దించి అంది. ముక్కులోంచి అంది. పరిగెత్తుకొచ్చినట్టు ఆయాసపడుతూ అంది. నవ్వుతూ అంది, నవ్వు చాలా చెడ్డగా వచ్చింది. తల్లి ప్రతిసారీ చెవి ఒగ్గి, ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. ఒకసారి మాత్రం ఊపబోయి ఆగింది.

"అది నీదే," అంది రామలక్ష్మి. "చిన్నప్పటి నీది."

రోడ్డు మీద సైకిలు దిగి నడిచొస్తున్న పక్కింటి దొరబాబు ఆ కేకలు విని దడి పక్కన ఆగాడు. "ఏటి రత్నమాలక్కా, ఎవరొచ్చేరు?"

"ఎవరూ రాలేదు, ఎళ్ళు," అంది రత్నమాల.

అతను వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎండ చూరు దాటి రామలక్ష్మి పాదాల మీదకి వచ్చింది. ఆమె కాళ్ళు ముడుచుకోలేదు. కేకలు అరుపులయ్యాయి, అరుపులు గుసగుసలయ్యాయి. గొంతు బొంగురుపోయి, ఏ మాట అంటోందో తెలియకుండా పోయింది. కాదు, కాదు అని చెప్పిన తల్లి కాసేపటికి ఆ మాట కూడా అనడం మానేసింది.

"అమ్మా, కాదా?" అంది రత్నమాల దడి దగ్గర నుంచే.

రామలక్ష్మి తడుముకుని కత్తి వెతికింది. దొరికింది గానీ చేతిలోకి తీసుకోలేదు.

"ఇంక ఇటొచ్చెయ్యవే," అంది. "నువ్వు అరిచేకొద్దీ నాకు ఏది కాదో కూడా తెలీకుండా పోతంది."